గొంతు కింద గుంటలో పుట్టినప్పటి నుంచీ బుడిపె – కొవ్వు గడ్డా, టీబీ బిళ్ళా, ఇంకేమన్నానా?

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
అందరికీ నమస్కారమండి. మా బాబుకి రెండేళ్ళు దాటాయి. గొంతు కింద రెండు కాలర్ ఎముకలు కలిసే చోట గుంట ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ శనగ గింజంత బుడిపె ఉంది. పురుడు వచ్చిన కొత్తల్లోనే, నీళ్ళు పోసే ఆవిడ ఒళ్ళు రుద్దుతూ చూసి చెప్పింది. దాని మీద సూది మొనంత చిల్లు కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఏ బాధా లేదు. మొన్న జలుబు చేసినప్పుడు ఎర్రగా వాచి, చిల్లులోంచి జిగురు కారింది. చీములా పచ్చగా లేదు, వాసనా లేదు. చొక్కాకి అంటుకుని ఎండాక గోరుతో గీరితే పొరలా లేచి వస్తోంది.

ఒక డాక్టరుగారు కొవ్వు గడ్డ, వదిలేయండి అన్నారు. ఇంకొకరు బిళ్ళ కట్టింది, టీబీ కావచ్చు, ఆరు నెలలు మందులు వాడదాం అన్నారు. ఇంట్లోనేమో మావారి మేనత్తగారు గ్రహణం రోజు కత్తిపీట ముందు కూర్చున్నావు, అందుకే అంటున్నారు. నాకు ఎవరి మాట వినాలో పాలుపోవట్లేదు. ఇలాంటిది ఎవరి పిల్లలకైనా ఉందా?

కృష్ణలంక బాబాయి
అమ్మాయ్, కంగారు పడకు. సున్నం, బెల్లం కలిపి పట్టు వెయ్యి. పక్వానికి వచ్చి పగిలిపోతుంది. మా ఇంట్లో సెగ్గడ్డలన్నిటికీ అదే మందు. ప్రతిదానికీ స్కానింగులంటూ విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల సందుల్లో తిరిగితే జేబు ఖాళీ తప్ప ఒరిగేదేం లేదు.

నైట్‌డ్యూటీ (పిల్లల సర్జరీ, పీజీ)
బాబాయిగారూ, సెగ్గడ్డ వేరు, పుట్టుకతో వచ్చిన తిత్తి వేరు. సెగ్గడ్డకి లోపల గోడ ఉండదు, చీము పోతే మానుతుంది. తిత్తికి సొంత గోడ ఉంటుంది. పగలగొట్టినా ఆ గోడ మళ్ళీ ఊరుతూనే ఉంటుంది. పైగా సున్నం పిల్లల చర్మాన్ని కాలుస్తుంది. రేపు ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే ఆ కాలిన చర్మం మీదే కత్తి పెట్టాలి.

తేజూవాళ్ళమ్మగారూ, చూడకుండా ఇది ఫలానా అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు కొన్ని గమనించి పెట్టుకుంటే పని తేలికవుతుంది.

మింగేటప్పుడు బుడిపె పైకి కదులుతోందా? నాలుక బయటపెట్టినప్పుడు కదులుతోందా? ఏడ్చినప్పుడు ఉబ్బుతోందా, రంగు మారుతోందా? చిల్లులో వెంట్రుక ఏమైనా కనబడుతోందా? ఇంట్లో ఎవరికైనా దగ్గు నెలల తరబడి ఉందా, బాబు బరువు పెరుగుతున్నాడా? ఇంకో ముఖ్యమైన సంగతి: ఎవరైనా ఇప్పటికే సూది పెట్టి లాగారా, గాటు పెట్టారా?

కృష్ణలంక బాబాయి
సరే నాయనా, మీరు చదువుకున్నోళ్ళు. పట్టు వద్దంటే వద్దు. కానీ బిడ్డ మీద కత్తి పెట్టాలని ఎగబడొద్దు.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
నాలుక పెట్టమంటే పెట్టడండి, మొండి. పుల్ల ఐసు చూపిస్తే పెట్టాడు. నేను వేలు ఆనించి చూశా, కదల్లేదు. మింగినా కదల్లేదు. ఏడిస్తే ఉబ్బట్లేదు. వెంట్రుక లేదు. దగ్గు ఎవరికీ లేదు, బరువు బాగానే ఉన్నాడు. సూది పెట్టలేదు కానీ వాచినప్పుడు మా వీధి చివర క్లినిక్‌లో రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి జిగురు తీశారు. వాడు ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు.

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
మంచి పరిశీలన తల్లీ. మా దగ్గరికి వచ్చే దరఖాస్తు కాగితాల్లో సగం వాటిలో ఇంత వివరం ఉండదు. 'మెడ మీద వాపు' అని రాసి ముక్క పంపిస్తారు, మేం జ్యోతిష్యం చెప్పాలి.

పుట్టుకతో వచ్చే చర్మపు తిత్తుల విషయంలో మొదటి పరీక్ష స్కానింగూ కాదు, సూదీ కాదు. అది ఎక్కడ ఉంది అన్నదే మొదటి పరీక్ష. గర్భంలో నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు పిండం ముఖం, మెడ తయారవుతాయి. విడివిడిగా పెరిగిన భాగాలు ఒకదానితో ఒకటి వచ్చి అతుక్కుంటాయి. దర్జీ రెండు గుడ్డలు కలిపి కుట్టేటప్పుడు ఒక్కోసారి అంచు మడత లోపలికి పోయి కుట్టు కింద ఉండిపోతుంది చూడండి, ఇదీ అలాంటిదే. పైచర్మం కణాలు కొన్ని లోపల చిక్కుకుంటాయి. అవి చచ్చిపోవు, పెరుగుతాయి, వాటి పని అవి చేసుకుపోతాయి. చెమట, నూనె, వెంట్రుకలు ఆ మూసుకున్న సంచిలోనే పోగవుతాయి. దాన్ని డెర్మాయిడ్ సిస్ట్ అంటాం. అందుకే ఇవి ఎక్కడపడితే అక్కడ రావు, అతుకులు పడ్డ చోటే వస్తాయి. కనుబొమ చివర, ముక్కు దూలం మీద, మెడ మధ్యగీత మీద, నడినెత్తిన.

అలా చూస్తే మెడలో ఒక్కో తావుకీ ఒక్కో అనుమానితుడు ఉంటాడు. మెడ పక్కన, వాలుగా దిగే పెద్ద కండరం ముందు అంచున వాపు ఉంటే బ్రాంకియల్ సిస్ట్, అంటే పిండంలో మెడ పక్కన మూసుకోవాల్సిన చీలిక మిగిలిపోతే వచ్చేది. మధ్యలో గొంతు ఎముక దగ్గర ఉండి, నాలుక చాపితే పైకి జరిగితే థైరోగ్లోసల్ సిస్ట్. థైరాయిడ్ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి కిందికి దిగుతుంది, దిగిన దారి మూసుకోకపోతే వచ్చేది అది. ఇక గొంతు కింద గుంటలో, ఛాతీ ఎముక పైఅంచు దగ్గర, నాలుకతో కదలని బుడిపె, దానికి చిల్లు, అందులోంచి జిగురు అంటే డెర్మాయిడ్ ఒకటి, దాంతోపాటు ఇంకో అరుదైనది కూడా నా మనసులో ఉంది. దాని పేరు ఇప్పుడే చెప్పను. చెబితే మీరు ఈ రాత్రికే నెట్‌లో వెతికి నిద్ర పాడుచేసుకుంటారు. ప్రమాదకరమైనది మాత్రం కాదు.

బ్రాడీపేట 4/14
మా అమ్మాయికి కుడి కనుబొమ చివర ఉండేదండి. పుట్టినప్పుడు కందిగింజంత, మూడేళ్ళు వచ్చేసరికి గోళీ అంత. నొక్కితే గట్టిగా, పైన చర్మం మాత్రం దాని మీద జారేది. కొవ్వు గడ్డే అనుకున్నాం. పిల్లల సర్జన్‌గారు చూడగానే డెర్మాయిడ్ అన్నారు. అడుగున ఎముకకి అతుక్కుని ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలో చిన్న గుంట పడుతుంది, స్కూల్లో ఆటల్లో దెబ్బ తగిలి పగిలితే లోపలి సరుకుకి చుట్టుపక్కల బాగా వాస్తుంది అని చెప్పారు. అందుకని తీయించేశాం.

తీశాక స్టీలు ట్రేలో పెట్టి నాకు చూపించారు. తెల్లగా నున్నగా ఉంది. మధ్యకి కోస్తే లోపల మెత్తటి పసుపు ముద్ద, అందులో సన్నటి వెంట్రుకలు. మా ఆవిడ చూడనంది, నేను మాత్రం చూశాను. కనుబొమలోనే గాటు పెట్టారు కాబట్టి ఇప్పుడు వెతికినా మచ్చ కనబడదు.

పటమట పిన్ని
ఇక్కడే అడగొచ్చా? మా చెల్లెలి మనవరాలికి ఏడాది నిండింది. ముక్కు దూలం మీద సరిగ్గా మధ్యన చిన్న గుంట, అందులోంచి ఒక్కటే నల్లటి వెంట్రుక. మా చెల్లెలు బ్యూటీ పార్లర్ అమ్మాయితో పీకించేస్తానంటోంది. ముచ్చటగా లేదట.

నైట్‌డ్యూటీ (పిల్లల సర్జరీ, పీజీ)
పిన్నిగారూ, మీ చెల్లెలికి ఇప్పుడే ఫోన్ చేసి ఆపండి. పీకొద్దు, నొక్కొద్దు, సూదితో పొడవొద్దు.

ముక్కు మధ్యగీత మీద గుంట, అందులోంచి వెంట్రుక అంటే నాసల్ డెర్మాయిడ్ అనే మొదట అనుమానించాలి. పైకి కనబడేది గుంట ఒక్కటే. దాని వెనక సన్నటి గొట్టం ముక్కు ఎముకల కిందుగా పైకి వెళ్ళి, కొందరిలో పుర్రె అడుగు దాకా, మెదడు పొరల దాకా చేరుతుంది. అందరిలోనూ కాదు. కానీ ఎవరిలో చేరిందో బయటినుంచి చూసి చెప్పలేం. ఆ గొట్టం వెంట క్రిములు పోతే మెదడు జ్వరం.

అదే చోట వాపు రూపంలో ఇంకో రెండు రావచ్చు. ఒకటి నాసల్ గ్లయోమా, అంటే మెదడు కణజాలం ముక్క బయట ఉండిపోవడం. రెండోది ఎన్‌సెఫలోసీల్. ఇందులో మెదడు పొరలూ, వాటితో పాటు మెదడు కణజాలమూ ఎముక సందులోంచి ముందుకు జారతాయి. పాప ఏడిస్తే ఇది ఉబ్బుతుంది. దీన్ని మామూలు గడ్డ అనుకుని సూది పెడితే మెదడు నీరు బయటికి వస్తుంది. అందుకే ముక్కు మధ్యగీత మీద ఏదున్నా ముందు ఎమ్మారై, అవసరమైతే ఎముక కోసం సీటీ. ఆ తర్వాతే ఆపరేషన్‌కి చేతులు కడుక్కునేది. గుంటూరు జనరల్ ఆసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో చూపించొచ్చు. పిల్లల సర్జరీ, న్యూరో సర్జరీ రెండు విభాగాలూ ఉన్న చోటికే వెళ్ళండి.

పటమట పిన్ని
చెప్పాను నాయనా. పార్లర్ ప్రయాణం ఆగింది. చెల్లెలికి నా మీద కోపం వచ్చింది, అది వేరే సంగతి.

జెల్లీ రాసేవాడు (స్కానింగ్, విజయవాడ)
ఆలస్యంగా వచ్చా. తేజూవాళ్ళమ్మగారికి నా వంతు మాట.

మెడ మీద వాపుకి మొదట అల్ట్రాసౌండే. రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు, అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేయొచ్చు. చూడాల్సినవి: లోపల నీరా, గట్టి పదార్థమా, రక్తనాళాలు పారుతున్నాయా. డాప్లర్‌లో (రక్తం పారడం చూపించే స్కాన్) జోరుగా రక్తం పారుతుంటే హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ లాంటిదేమో అని ఆలోచిస్తాం. పారకపోతే తిత్తి వైపు మొగ్గుతాం. ఇక్కడో చిక్కుంది. లోపల చిక్కటి జిగురో, మైనం లాంటి ముద్దో ఉంటే తిత్తి కూడా తెరమీద గట్టి గడ్డలాగే కనబడుతుంది. రిపోర్టులో 'సాలిడ్' అని ఉన్నంత మాత్రాన భయపడొద్దు.

మెడ మధ్య వాపు ఏదైనా సరే, థైరాయిడ్ దాని చోట అది ఉందో లేదో తప్పకుండా చూడమనండి. కొందరు పిల్లల్లో థైరాయిడ్ దిగాల్సిన చోటికి దిగకుండా దారిలో ఆగిపోతుంది. ఉన్న ఒక్క గ్రంథినే గడ్డ అనుకుని తీసేస్తే జీవితాంతం మాత్రలే. మంచి సర్జన్లు ఈ స్కాన్ లేకుండా టేబుల్ ఎక్కించరు.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
టీబీ సంగతి ఎవరూ చెప్పలేదండి. మందులు రాసిన కాగితం నా దగ్గరే ఉంది. మొదలుపెట్టనా వద్దా?

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
మందులు మొదలుపెట్టాలో వద్దో నేను ఇక్కడ కూర్చుని చెప్పను. కానీ ఏ ఆధారంతో మొదలుపెడుతున్నారు అని అడిగే హక్కు మీకుంది. అడగండి.

మన దగ్గర మెడలో వాపు అనగానే టీబీ గుర్తురావడంలో తప్పు లేదు. అంత జబ్బు ఉంది మరి. కానీ టీబీ బిళ్ళలు ఎక్కువగా మెడ పక్కల్లో వస్తాయి, ఒకదానికొకటి అంటుకుని గుంపుగా ఉంటాయి, పుట్టిన వారంలో కనబడి రెండేళ్ళు ఊరికే కూర్చోవు. అనుమానం తీరాలంటే దారి ఉంది. చిల్లులోంచి వచ్చిన దాన్ని సీబీనాట్ పరీక్షకి పంపిస్తే టీబీ క్రిమి జన్యువు ఉందో లేదో కొన్ని గంటల్లో తెలుస్తుంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగానే చేస్తారు. అందులో దొరకనంత మాత్రాన టీబీ పూర్తిగా కొట్టేసినట్టు కాదు, కానీ బుడిపె ఉన్న చోటు, వయసు, స్కాను అన్నీ కలిపి చూస్తే చిత్రం తేటపడుతుంది. మెడలో పుట్టుకతో ఉన్న చిల్లుకి నెలల తరబడి టీబీ మందులు మింగి, చివరికి ఆపరేషన్‌తో బాగుపడ్డవాళ్ళ స్లైడులు నేను చూశాను.

ఉండవల్లి కరణంగారబ్బాయి
మా నాన్నకి ఛాతీ మీద, చేతుల మీద చిన్నచిన్న బుడిపెలు లెక్కలేనన్ని ఉన్నాయి. నాకు ఇంటర్‌లో మొదలయ్యాయి. పిండితే నూనె లాంటిది వస్తుంది. ఇవీ పుట్టుకతో వచ్చినవేనా?

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
పుట్టినప్పుడు కనబడవు గానీ జన్యువుల్లో ఉంటాయి. మీరు చెప్పినదాన్ని బట్టి స్టియాటోసిస్టోమా మల్టిప్లెక్స్ (ఒంటి నిండా నూనె తిత్తులు) అనే దాని గురించి చర్మవైద్యుణ్ణి అడగండి. కెరాటిన్ 17 అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగం. యుక్తవయసులో నూనె గ్రంథులు మేలుకున్నాకే పైకి తేలతాయి. ప్రాణానికి ముప్పు లేదు. అన్నీ తీయించుకోవడం అయ్యే పని కాదు, ఇబ్బంది పెట్టేవి తీయించుకోండి. గోళ్ళు మందంగా ఉండటం, పుట్టుకతోనే పళ్ళు రావడం లాంటివి మీ వంశంలో ఉంటే అదీ చెప్పండి, దానికి లెక్క వేరే. పిండడం మానండి.

మోడరేటర్
ఉండవల్లి గారూ, దీనికి వేరే చర్చ తెరవండి. పిల్లల ఫొటోలు ఇక్కడ పెట్టొద్దని మరోసారి మనవి. నిన్న ఒకరు పెడితే తీసేశాం.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
స్కాన్ అయింది. థైరాయిడ్ దాని చోట ఉందట. బుడిపె చర్మం కిందే ఉంది, ఛాతీ లోపలికి దారి కనబడలేదు. రక్తం పారట్లేదు. పక్కన బిళ్ళలు లేవు. సీబీనాట్‌లో టీబీ లేదని వచ్చింది. సర్జన్‌గారు వాపు పూర్తిగా తగ్గాక, జలుబు లేనప్పుడు తీసేద్దాం అన్నారు. ఎర్రగా ఉన్నప్పుడు చేస్తే తిత్తి గోడ ఎక్కడిదాకా ఉందో తెలీదట, ముక్క మిగిలితే మళ్ళీ వస్తుందట.

నాకు మత్తు అంటేనే భయంగా ఉందండి. ఇంత చిన్న బిడ్డకి పూర్తి మత్తు ఇవ్వాలా?

బ్రాడీపేట 4/14
మేమూ అలాగే భయపడ్డామమ్మా. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కన్నా తెల్లారుజామున ఏమీ పెట్టకుండా ఉంచడమే కష్టమైంది. పక్క మంచం వాళ్ళు ఇడ్లీ తింటుంటే మా పిల్ల ఊరుకుంటుందా! మొదటి కేసుగా పెట్టమని అడగండి. చిన్నపిల్లల్ని ముందే తీసుకుంటారు.

నైట్‌డ్యూటీ (పిల్లల సర్జరీ, పీజీ)
రెండేళ్ళ పిల్లాడు కదలకుండా పడుకోడు. మెడ దగ్గర పని, కాబట్టి పూర్తి మత్తే క్షేమం. మామూలుగా పాటించేది: అన్నం, పాలపొడి పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు. మీ మత్తు డాక్టరుగారు ఏం చెబితే అదే ఫైనల్. 'ఆకలికి ఏడుస్తున్నాడు, రెండు బిస్కెట్లే కదా' అని నాయనమ్మలు పెడతారు చూశారా, దాని వల్ల ఆగిపోయిన ఆపరేషన్లకి లెక్కలేదు. ఒకవేళ పెట్టేస్తే మాత్రం దాచొద్దు. చెబితే వాయిదా పడుతుంది, దాస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మచ్చ గురించి ఒక మాట. ఛాతీ ఎముక పైభాగం చర్మం లాగుడు మీద ఉంటుంది, కొందరికి అక్కడ మచ్చ ఉబ్బుతుంది. మీ ఇళ్ళల్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట కాయలా ఉబ్బడం ఉంటే సర్జన్‌కి ముందే చెప్పండి. ఖర్చు సంగతికొస్తే, కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర అడగండి. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

కృష్ణలంక బాబాయి
ధైర్యంగా ఉండమ్మా. కనకదుర్గమ్మకి దణ్ణం పెట్టుకున్నా నీ బిడ్డ కోసం.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
అయిపోయిందండీ! బాగున్నాడు. సాయంత్రానికే ఆటో బొమ్మ అడిగాడు. బుడిపె ఒక్కటే కాదట, దాని కింద సన్నటి తోక లాంటిది ఎముక పైపొర దాకా ఉంటే అదీ కలిపి తీశారట.

ఒక అనుమానం. ముక్కని ప్లాస్టిక్ సీసాలో వేసి మావారి చేతికిచ్చారు, కొత్తపేటలో ల్యాబ్‌కి ఇచ్చి రమ్మని. పొద్దుపోయింది, ల్యాబ్ మూసేశారు. సీసా ఇంట్లోనే ఉంది. ఫ్రిజ్‌లో పెట్టాలా?

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
ఫ్రిజ్‌లో వద్దు, డీప్ ఫ్రీజర్‌లో అసలే వద్దు. ముందు చెప్పండి, సీసాలో ఉన్నది ఏంటి? మూత కొంచెం దూరంగా పెట్టి తీయండి, ముక్కు దగ్గర పెట్టొద్దు. కళ్ళు మండేంత ఘాటు వస్తే ఫార్మలిన్. ఏ వాసనా లేకపోతే సెలైన్ నీళ్ళు, అప్పుడు ఈ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చేసి ఫార్మలిన్ పోయించాలి.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
మావారు తీసి చూసి తుమ్ముతున్నారు. ఘాటుగానే ఉందట.

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
అయితే నిశ్చింత. మూత బిగించి పిల్లలకి అందకుండా బయటే పెట్టండి. పొద్దున్న ఇవ్వొచ్చు.

ఈ సీసా ప్రయాణం గురించి చెప్పాల్సింది చాలా ఉంది. మన ఊళ్ళలో కోత ఒక చోట, ముక్క పరీక్ష ఇంకో చోట. మధ్యలో సీసా మోసేది బంధువు. ముక్కకి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. ముక్క గోడకి అంటుకుని పైకి తేలితే ఆ వైపు కుళ్ళుతుంది. సీసా మీద పేరు, వయసు, ఏ చోటు నుంచి తీశారో ఉండాలి, మూత మీద కాదు, సీసా మీద. మూతలు మారిపోతాయి. నా దగ్గరికి ఒకసారి మంచినీళ్ళ సీసాలో స్పిరిట్ పోసి తెచ్చారు, ముక్క ముడుచుకుపోయి ఎండుద్రాక్ష అయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, 'చిన్న గడ్డే కదా' అని పరీక్షకి పంపకుండా బకెట్‌లో పారేయడం. ఇలాంటి తిత్తికి అసలు పేరు పెట్టేది మైక్రోస్కోపే. అంతకు ముందు మేమందరం చెప్పింది ఊహ.

ల్యాబ్ కాగితం మీద 'పుట్టుకతో ఉంది, గొంతు కింద గుంటలో, చిల్లు ఉంది, జిగురు వచ్చింది, ఒకసారి వాచింది' అని రాయించండి. ఆ ఒక్క వాక్యం నాలాంటి వాడికి బంగారం.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
రిపోర్టు వచ్చింది. చూసి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. తిత్తి గోడకి సూడోస్ట్రాటిఫైడ్ సిలియేటెడ్ కాలమ్నార్ ఎపిథీలియం, గోబ్లెట్ కణాలు, కొన్ని చోట్ల స్క్వామస్ పొర, గోడలో నునుపు కండరం, జిగురు గ్రంథులు. మృదులాస్థి లేదు, లింఫాయిడ్ కణజాలం లేదు. క్యాన్సర్ లక్షణాలు లేవు. చివర్న 'క్యుటేనియస్ బ్రాంకోజెనిక్ సిస్ట్'. బ్రాంకో అంటే ఊపిరితిత్తులు కదండీ? మెడ మీద చర్మంలో ఊపిరితిత్తి ఎలా వచ్చింది? నాకు మళ్ళీ భయం మొదలైంది.

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
ఆ రోజు పేరు చెప్పకుండా ఆపింది దీన్నే. భయం అక్కర్లేదు.

పిండంలో ఆహార గొట్టం ముందు వైపు నుంచి చిన్న మొగ్గ పుట్టి, అదే శ్వాసనాళం, ఊపిరితిత్తులుగా చీలుతుంది. ఆ చీలేటప్పుడు ఒక పిసరు కణాలు తెగి పక్కకి జారిపోతే, అవి ఉన్న చోటే శ్వాసనాళపు గోడ కట్టుకుంటాయి. ఎక్కువ భాగం ఛాతీ లోపలే ఉండిపోతాయి. బహు అరుదుగా, ఛాతీ ఎముక రెండు సగాలు మధ్యలో కలిసేటప్పుడు బయట పడిపోయి చర్మం కింద తేలతాయి. అలా తేలినప్పుడు గొంతు కింద గుంటే వాటి ఇష్టమైన చోటు, భుజం వెనక రెక్క ఎముక దగ్గర కూడా వస్తాయి. మగపిల్లల్లో ఎక్కువ. 1945లోనే అమెరికాలో ఇద్దరు సర్జన్లు ఛాతీ ఎముక ముందు వచ్చిన ఇలాంటి తిత్తి గురించి రాశారు. నా సర్వీసు మొత్తంలో చూసినవి వేళ్ళ మీద లెక్క.

రిపోర్టులోని సిలియా అంటే కణాల పైన ఉండే సన్నటి నూగు. శ్వాసనాళంలో దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టేది అదే. గోబ్లెట్ కణాల పని జిగురు తయారుచేయడం. మీ అబ్బాయి చొక్కాకి అంటిన పొర ఆ జిగురే! డెర్మాయిడ్ అయితే వెంట్రుకల కుదుళ్ళు, నూనె గ్రంథులు కనబడేవి. మామూలు ఎపిడెర్మాయిడ్ అయితే చర్మం పైపొర ఒక్కటే. థైరోగ్లోసల్ అయితే గోడలో థైరాయిడ్ కణాలు దొరకొచ్చు. మధ్యలో స్క్వామస్ పొర, అంటే చర్మం పైపొర లాంటిది ఉందన్నారు, అది వాపు వచ్చి లోపలి పొర ఊడిపోయిన చోట పడ్డ మాసిక.

జెల్లీ రాసేవాడు (స్కానింగ్, విజయవాడ)
పంతులుగారూ, చిన్న అభ్యంతరం. బ్రాంకియల్ సిస్ట్‌లో కూడా ఒక్కోసారి ఈ నూగు పొర కనబడుతుందిగా. శ్వాసనాళం గోడలో ఉండే మృదులాస్థి ఇక్కడ లేదని వాళ్ళే రాశారు. బ్రాంకోజెనిక్ అని ఎలా తేల్చారు?

పాతస్లైడు (రిటైర్డ్ పాతాలజిస్టు, విజయవాడ)
సరైన ప్రశ్న. పొర ఒక్కటే చూసి పేరు పెడితే పప్పులో కాలేస్తాం. బ్రాంకియల్ అయితే గోడలో సాధారణంగా లింఫాయిడ్ కణజాలం (మెడ బిళ్ళల్లో ఉండే రకం) గుంపులుగా ఉంటుంది, ఇక్కడ లేదు. నునుపు కండరం ఉంది, జిగురు గ్రంథులు ఉన్నాయి, అవి శ్వాసనాళం వైపు మొగ్గు. చర్మంలో వచ్చే వాటిలో మృదులాస్థి చాలాసార్లు ఉండదు కూడా. ఇక అన్నిటికన్నా గట్టి సాక్ష్యం బుడిపె ఉన్న చోటే. అదే స్లైడు మెడ పక్క నుంచి వచ్చి ఉంటే నేను కూడా మీతోనే వాదించేవాణ్ణి.

వాపు ఎక్కువసార్లు వచ్చి ఉంటే పొర మొత్తం ఊడిపోయి, ఏం చెప్పలేక 'ఇన్‌ఫ్లమేటరీ సిస్ట్' అని రాసి ఊరుకోవాల్సి వచ్చేది. అందుకే పదేపదే నొక్కి పిండొద్దు అంటాం.

జెల్లీ రాసేవాడు (స్కానింగ్, విజయవాడ)
ఒప్పుకున్నా. 'మొగ్గు' అన్నారు కాబట్టి ఒప్పుకున్నా.

నైట్‌డ్యూటీ (పిల్లల సర్జరీ, పీజీ)
తేజూవాళ్ళమ్మగారూ, చర్మంలో వచ్చే ఈ తిత్తులకి మామూలుగా ఊపిరితిత్తులతో సంబంధం ఉండదు, మీకు స్కాన్‌లో లోపలికి దారి కనబడలేదు, తోకతో సహా తీశారు. పూర్తిగా తీస్తే మళ్ళీ రావడం అరుదు. రిపోర్టు నకలు ఒకటి సర్జన్‌గారికి ఇచ్చి, ఒరిజినల్ బాబు టీకాల కార్డుతో కలిపి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఇది చూపించండి. ఇక టీబీ మందుల కాగితం సంగతి రాసిన డాక్టరుగారికే రిపోర్టు చూపించి మాట్లాడండి. పోట్లాటకి కాదు, ఆయనకీ తెలియడం మంచిది.

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
మీ అందరికీ ఎన్నిసార్లు దణ్ణం పెట్టాలో! ఇంకొక్కటి అడిగేసి ఊరుకుంటా. ఇదంతా చదివాక మా పెద్దమ్మాయిని పరీక్షగా చూశాను. కుడి చెవి ముందు, పైన ముఖానికి అంటుకునే చోట సూది మొనంత చిల్లు ఉంది. మావారికీ ఉంది, మేనత్తగారికీ ఉంది! ఇదీ తీయించాలా?

నైట్‌డ్యూటీ (పిల్లల సర్జరీ, పీజీ)
మేనత్తగారికీ ఉందా! అయితే గ్రహణం లెక్క ఆవిడనే అడగండి :)

దాన్ని ప్రీఆరిక్యులర్ సైనస్ అంటారు. చాలామందికి ఉంటుంది, కుటుంబాల్లో నడుస్తుంది. వాపు, చీము, నొప్పి ఎప్పుడూ రాకపోతే ముట్టుకోవాల్సిన పని లేదు. పదేపదే చీము పడితేనే, అదీ చీము తగ్గాక, లోపలి దారి మొత్తం తీస్తారు. పిండితే లేని జబ్బు తెచ్చుకున్నట్టే. ఒక్క జాగ్రత్త. చెవి చిల్లుతో పాటు మెడ పక్కన కూడా చిల్లులు, చెవుడు, కిడ్నీ తేడాలు కలిసి వంశంలో నడిచే జబ్బు ఒకటుంది, బ్రాంకియో ఓటో రీనల్ సిండ్రోమ్ అని. మీ వాళ్ళలో ఎవరికైనా చిన్నప్పటి నుంచి వినికిడి తక్కువా? అమ్మాయి మెడ రెండు పక్కలా చూశారా?

తేజూవాళ్ళమ్మ (గుంటూరు)
మెడ మీద ఏమీ లేవు. మావారికి చెవులు బాగానే వినబడతాయి, నేను పిలిచినప్పుడు తప్ప. మేనత్తగారికి మాత్రం చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి మందం అంటుంటారు.

నైట్‌డ్యూటీ (పిల్లల సర్జరీ, పీజీ)
అయితే అమ్మాయికి వినికిడి పరీక్ష ఒకటి చేయించండి, ఈఎన్‌టీ వాళ్ళే చేస్తారు, నొప్పి ఉండదు. మేనత్తగారి సంగతి కూడా వాళ్ళకి చెప్పండి. కిడ్నీ స్కాన్ కావాలో అక్కర్లేదో వాళ్ళే తేలుస్తారు.